పెళ్ళికి తెల్లబట్టలా?



పెళ్ళి ఎవరింట్లోదైనా సరే, బట్టలు కొనడానికి వెళ్దాం రమ్మంటే చాలు, పొయ్యి మీది పాలు దింపేసి చెప్పులు తొడుక్కునే రకం మనం. కొనేది మనకి కాకపోయినా నాలుగు చీరలు విప్పించి, రెండు అంచులు తడిమి చూసి, "ఇది అసలు జరీయేనా?" అని కొట్టువాణ్ణి నిలదీసి వస్తేగాని తృప్తి ఉండదు. అందుకని ఇవాళ మీతో పెళ్ళి బట్టల ముచ్చటే చెబుదామనుకుంటున్నాను. అయితే మన పట్టుచీరల సంగతి కాదు లెండి. దొరసానుల తెల్లగౌను సంగతి. అది నా దాకా ఎల్లా వచ్చిందో ముందు చెప్పాలి.

మా అక్కా వాళ్ళూ అమెరికాలో న్యూజెర్సీలో ఉంటారు. వాళ్ళ అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి అక్కడివాడే, క్రైస్తవుడు. బుద్ధిమంతుడు. మా బావగారు ఒక నెల్లాళ్ళు ఆలోచించి సరేనన్నారు. ఒకరోజు మన పద్ధతిలో, మర్నాడు చర్చిలో వాళ్ళ పద్ధతిలో చెయ్యాలని ఒప్పందం. పోయినేడు అక్క నన్ను సాయానికి రమ్మంటే, మావారికి ఆవకాయా, అన్నం కుక్కరూ అప్పగించి వెళ్ళాను.

అక్కడ ఒక శనివారం అమ్మాయి నన్నూ, వాళ్ళమ్మనీ పెళ్ళిగౌన్ల కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టంటే మన కొట్టు కాదు. అక్కడ తివాచీ మీద కూర్చుని గుట్టలుగా విప్పించడం లేదు. ముందుగా టైము తీసుకునిగాని గడప తొక్కకూడదు. గంటన్నర సేపు మనకొక అమ్మాయిని ప్రత్యేకం కేటాయిస్తారు. పెళ్ళికూతురు లోపల గదిలో గౌను తొడుక్కుని వచ్చి, మూడువైపులా అద్దాలున్న చిన్న గద్దె ఎక్కి నిలబడుతుంది. ఎదురుగా కుర్చీల్లో మనం. మనం చెప్పే మాట కోసం ఆ పిల్ల మన మొహాల్లోకే చూస్తుంది.

అక్కడ నాకు బోధపడిన సంగతులు రెండు మూడు చెబుతాను, విదేశాల్లో పిల్లలున్నవాళ్ళకి పనికొస్తాయి. కొట్టులో తొడిగి చూపించేది నమూనా గౌను మాత్రమే. అది వదులైతే వీపువైపు క్లిప్పులు పెట్టి బిగిస్తారు. బిగుతైతే వెనక తెరిచే ఉంచి ముందునించి చూసుకోమంటారు. నచ్చాక కొలతలు తీసుకుని, సగానికి పైగా డబ్బు కట్టించుకుని ఆర్డరు పంపిస్తారు. అది వచ్చేసరికి నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. వచ్చాక రెండు మూడుసార్లు వెళ్ళి ఒంటికి సరిచేయించుకోవాలి. ఆ కుట్టుకూలి చాలాచోట్ల గౌను ఖరీదులో కలవదు, వేరే ఇచ్చుకోవాలి. పెళ్ళినాడు వేసుకునే జోళ్ళు వెంట తీసుకెళ్ళాలి, లేకపోతే అంచు పొడుగు తేలదు. ఇంకొకటి, పెళ్ళిగౌన్ల కొలత నెంబర్లు మామూలు బట్టల నెంబర్లకంటే పెద్దవిగా ఉంటాయి. నెంబరు చూసి "లావైపోయానా?" అని పిల్లలు బెంగపడక్కర్లేదు.

సరే, అమ్మాయి నాలుగో గౌను తొడుక్కుని వచ్చింది. పొడుగు చేతులు, మెడ దగ్గర లేసు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. పిల్ల మెల్లిగా, "అమ్మా, ఎలా ఉంది?" అంది.

అక్క కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. నావైపు తిరిగి తెలుగులో, "శుభమా అని పెళ్ళి చేసుకుంటూ ఈ తెల్లబట్టలేమిటే? నాకు నాయనమ్మ గుర్తొస్తోంది" అంది. పిల్లకి తెలుగు బాగానే వచ్చు. ఏమీ అనకుండా గద్దె దిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆవేళ ఏమీ కొనకుండానే ఇంటికొచ్చేశాం. కార్లో ముగ్గురికీ మాటల్లేవు.

అక్కని తప్పుపట్టలేను నేను. మా నాయనమ్మకి ఇరవై ఎనిమిదో ఏట పసుపుకుంకాలు పోయాయి. ఊహ తెలిసినప్పటినించీ ఆవిడ ఒంటిమీద మేం చూసింది తెల్లచీరే. మా మేనత్త పెళ్ళికి ఆవిడ పెరటిగదిలో కూర్చుని అప్పడాలు లెక్కపెట్టింది, పందిట్లోకి మటుకు రాలేదు. తన కన్నకూతురి పెళ్ళికి! "ఎందుకు రాలేదు నాయనమ్మా?" అని అక్క అడిగితే తన చీరకేసి చూపించిందిట. ఆ మాట అక్క మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ తెలుపు కూతురి ఒంటిమీద చూసేసరికి కలుక్కుమంది.

అయితే, అసలు వాళ్ళకి మటుకు పెళ్ళికి తెలుపు అనే ఆచారం ఎక్కణ్ణించి వచ్చింది? మా అక్కా వాళ్ళ ఊరి లైబ్రరీలో రోజూ కాసేపు కూర్చుని, అక్కడివాళ్ళు వెతికిపెట్టిన పుస్తకాలు నాకొచ్చిన ఇంగ్లీషుతో చదివాను. చదివినకొద్దీ ఆశ్చర్యమేసింది.

మొదటి ఆశ్చర్యం, ఇది అనాదినించీ వస్తున్న ఆచారం కానేకాదు. రెండొందల ఏళ్ళ క్రితం యూరప్‌లోగాని, అమెరికాలోగాని పెళ్ళికూతురు తన దగ్గరున్న మంచిబట్ట కట్టుకునేది. అది నీలం కావచ్చు, గోధుమరంగు కావచ్చు, ఎరుపు కావచ్చు, ఆఖరికి నలుపు కూడా కావచ్చు. ఆ గౌనే తరవాత ఆదివారాలు చర్చికీ, పండగలకీ తొడుక్కునేవాళ్ళు. తెలుపంటే మాసిపోతుంది, ఉతకడం కష్టం. బొగ్గుపొయ్యిలూ, బురదవీధులూ ఉన్న రోజులాయె. తెల్లబట్ట కట్టడమంటే "మా ఇంట్లో ఉతికే మనుషులున్నారు" అని చాటుకోవడమే.

రెండో ఆశ్చర్యం వింటే మీరూ ముక్కున వేలేసుకుంటారు. 1558 ఏప్రిల్ 24న స్కాట్లండు రాణి మేరీ ప్యారిస్‌లో ఫ్రాన్సు యువరాజుని పెళ్ళాడింది. ఆవిడ ఏరికోరి తెల్లగౌను తొడుక్కుంది. అప్పట్లో ఫ్రాన్సు రాణులు భర్త పోతే కట్టేది ఏ రంగో తెలుసా? తెలుపే! మనలాగానేనన్నమాట. రెండేళ్ళకే, 1560లో, ఆ కుర్రభర్త చెవిపోటు ముదిరి చనిపోయాడు. మేరీ మళ్ళీ తెల్లబట్టలు కట్టింది, ఈసారి వైధవ్యానికి. ఆ వేషంలో ఆవిడ బొమ్మ చిత్రకారులు గీసింది ఇప్పటికీ ఉంది. అప్పటికావిడకి దాదాపు పద్ధెనిమిదేళ్ళు. అదే రంగు అటు పెళ్ళికీ, ఇటు దుఃఖానికీ కూడా పనికొచ్చిందంటే, మంచీ చెడ్డా రంగులో లేవనేగా అర్థం?

ఇక తెల్లగౌనుకి పట్టం కట్టింది విక్టోరియా రాణి. 1840 ఫిబ్రవరి 10న లండన్‌లో ఆల్బర్టుతో ఆవిడ పెళ్ళి. అప్పటికే దేశాన్ని ఏలుతున్న రాణి. కిరీటం, జరీపట్టు అంగీలు పెట్టుకోవచ్చు. ఆవిడ అవన్నీ కాదని, తెల్లటి శాటిన్ గౌను, దానిమీద లేసు, తలమీద నారింజపూల చెండు పెట్టుకుంది. బట్ట లండన్‌లోనే స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు నేసింది. లేసు డెవన్ ప్రాంతంలో, ముఖ్యంగా బీర్ అనే పల్లెలో ఆడవాళ్ళు చేత్తో అల్లింది. దాన్ని హానిటన్ లేసు అంటారు.

ఇక్కడే అసలు కిటుకుంది. అంతకు ముప్ఫయ్యేళ్ళ ముందే ఇంగ్లండులో లేసుబట్ట అల్లే యంత్రం కనిపెట్టారు. యంత్రపు లేసు చవక కదా, చేతిపనివాళ్ళ నోట్లో మన్ను పడింది. రాణి పెళ్ళికని ఇచ్చిన ఆ ఒక్క ఆర్డరు రెండొందల మందికి పైగా ఆడవాళ్ళకి నెలల తరబడి కూడు పెట్టింది. తెల్లలేసు బాగా కనిపించాలంటే అడుగున గౌను కూడా తెల్లగా ఉంటేనే అందం. అంచేత తెలుపు ఎన్నుకోవడంలో పవిత్రత సంగతి ఎల్లా ఉన్నా, లేసు అల్లే ఆడవాళ్ళ కడుపు సంగతి మటుకు ఉంది.

రాణిగారు చేశాక ఇంకేముంది! పత్రికల్లో బొమ్మలు పడ్డాయి. డబ్బున్నవాళ్ళంతా తెలుపే కావాలన్నారు. 1849 నాటికి అమెరికాలో పేరుమోసిన ఒక ఆడవాళ్ళ పత్రిక, పెళ్ళికూతురికి తెలుపే తగినదని పూర్వకాలంనించీ ఆచారమని రాసేసింది. పదేళ్ళలోనే "పూర్వకాలం" అయిపోయింది చూశారా! మన ఇళ్ళల్లోనూ అంతే. ఎవరో మేనత్తగారు ఒకసారి చేసింది, రెండో పెళ్ళినాటికి ఆనవాయితీ అయి కూర్చుంటుంది.

ఆ విక్టోరియా రాణే 1861 డిసెంబరులో భర్త పోయాక నల్లబట్టలు కట్టింది. 1901లో చనిపోయేదాకా, దాదాపు నలభై ఏళ్ళు, నలుపు విడవలేదు. అక్కడ విధవ రంగు అప్పటికి నలుపు. కాని పెళ్ళినాటి లేసుని మటుకు పారెయ్యలేదు. శుభకార్యాలకి నల్లగౌను మీద ఆ తెల్లలేసు వేసుకునేది. 1885లో ఆఖరి కూతురు బియాట్రిస్ పెళ్ళికి తన లేసు ఇచ్చి అలంకరించింది. చనిపోయినప్పుడు తనకి తెల్లబట్టలే కట్టి, పెళ్ళినాటి మేలిముసుగు మొహంమీద కప్పమని ముందే రాసిపెట్టింది. అల్లాగే చేశారు. భర్త పోయిన ఆడమనిషి కూతురి పెళ్ళిలో ముందు నిలబడింది, తన పెళ్ళి లేసు కూతురికి కట్టింది. ఇది చదివినప్పుడు నాకు పెరటిగదిలో అప్పడాలు లెక్కపెట్టిన మనిషి కళ్ళముందు మెదిలింది.

ఇక గౌన్ల కొట్లు. కుట్టుమిషన్లు వచ్చి, పెద్దపెద్ద బట్టలదుకాణాలు వెలిసేదాకా పెళ్ళిగౌను ఇంట్లోనో, దర్జీ దగ్గరో కుట్టించుకోవలసిందే. తరవాత్తరవాత పెద్దదుకాణాలు పెళ్ళికూతుళ్ళకని విడిగా ఒక విభాగం పెట్టాయి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పెళ్ళిళ్ళు ఒక్కసారి పెరిగి, కేవలం పెళ్ళిగౌన్ల కొట్లు ఊరూరా వచ్చాయి. న్యూయార్కులో ఇప్పుడు పేరుమోసిన క్లైన్‌ఫెల్డ్ కొట్టు 1941లో బ్రూక్లిన్‌లో బొచ్చుకోట్లు అమ్మే కొట్టుగా మొదలైంది. 1968లో పెళ్ళిగౌన్లలోకి దిగింది. బోస్టన్‌లో ఒక పెద్దదుకాణం 1947నించీ 2011 దాకా ఏటా పెళ్ళిగౌన్ల తగ్గింపు అమ్మకం పెట్టేది. తలుపులు తియ్యగానే ఆడపిల్లలు పరుగులు పెట్టి, దొరికిన గౌను దొరికినట్టు చేతినిండా పట్టుకుని, తరవాత ఒకళ్ళతో ఒకళ్ళు మార్చుకునేవారట. మన ఆషాఢం తగ్గింపుల్లో మనమేం తక్కువ తిన్నామని నవ్వడం!

యుద్ధం రోజుల ముచ్చట్లు మరీ బాగున్నాయి. ఇంగ్లండులో 1941 నించి 1949 దాకా బట్టలకి రేషను. కూపన్లు లేకుండా జానెడు గుడ్డ పుట్టదు. పెళ్ళికూతుళ్ళు అక్కచెల్లెళ్ళవీ, స్నేహితురాళ్ళవీ అరువు తెచ్చుకుని, ఒకే గౌనుతో నాలుగైదు పెళ్ళిళ్ళు గడుపుకునేవారు. 1947 నవంబరు 20న ఎలిజబెత్ రాకుమారి, అంటే తరవాత రాణి అయినావిడ, పెళ్ళి జరిగినప్పుడు కూడా రేషనే. ఆమెకోసం దేశం నలుమూలలనించీ ఆడవాళ్ళు తమ కూపన్లు పోస్టులో పంపించారు. ఒకరి కూపన్లు ఒకరు వాడడం చట్టరీత్యా నేరం కనక వాటిని తిప్పి పంపించవలసి వచ్చింది. తమకే చాలని కూపన్లు ఎవరో పిల్ల పెళ్ళికి పంపడమంటే, ఆడవాళ్ళ మనసు ఏ దేశంలోనైనా ఒకటేననిపించదూ?

అమెరికాలో ఒక గౌను మ్యూజియంలో ఉంది. 1944లో ఒక విమానం నడిపే సైనికుడు, విమానానికి నిప్పంటుకుంటే చైనామీద గొడుగు కట్టుకుని దూకాడు. ఆ నైలాను గొడుగే రాత్రంతా తలగడా, దుప్పటీ అయ్యి ప్రాణం కాపాడింది. యుద్ధం అయ్యాక ఇష్టపడ్డ పిల్లకి ఆ గొడుగిచ్చి, "దీంతో నీ పెళ్ళిగౌను కుట్టించుకుంటావా?" అని అడిగాడు. 1947లో ఆ గొడుగుగుడ్డతో కుట్టిన గౌనులోనే వాళ్ళ పెళ్ళయింది. తరవాత వాళ్ళ కూతురూ, కోడలూ కూడా అదే గౌను తొడుక్కున్నారు. ఏ కొట్టులో దొరుకుతుంది అలాంటి బట్ట?

అన్నిటికంటే నా మనసులో నాటుకున్న కథ ఆన్ లో అనే ఆవిడది. ఆవిడ నల్లజాతి స్త్రీ, అలబామా రాష్ట్రంలో పుట్టింది. అమ్మమ్మ బానిసగా బతికిన మనిషి. అమ్మమ్మా, అమ్మా ఇద్దరూ కుట్టుపనిలో ఆరితేరినవాళ్ళు. వాళ్ళ ఒళ్ళోనే ఆన్ లో సూది పట్టింది. 1953 సెప్టెంబరు 12న జాన్ కెనెడీని పెళ్ళాడిన జాక్వెలిన్ తొడుక్కున్న గౌను ఈవిడ కుట్టిందే. యాభై గజాల పట్టు పట్టింది దానికి. పెళ్ళి ఇంక పదిరోజులుందనగా ఆవిడ పనిగదిలో నీళ్ళగొట్టం పగిలి, పెళ్ళికూతురి గౌనుతో సహా పది గౌన్లు తడిసి పాడైపోయాయి. రెండు నెలల పని నీళ్ళపాలు! ఆవిడ ఎవరితోనూ చెప్పలేదు, గోల చెయ్యలేదు. మళ్ళీ బట్ట తెప్పించి, రాత్రింబవళ్ళు మనుషుల్ని పెట్టి కుట్టించి టైముకి అందించింది. ఏడొందల డాలర్లు మిగలవలసిన పనిలో రెండువేల రెండొందల డాలర్లు చేతినించి పోయాయి. పెళ్ళివారికి ఆ మాట కూడా చెప్పలేదు. గౌను తీసుకుని వెళ్తే పనివాళ్ళు వచ్చే వెనకదారిన రమ్మన్నారనీ, అల్లాగైతే గౌను వెనక్కి తీసుకుపోతానని ఆవిడ ముందుతలుపులోంచే వెళ్ళిందనీ చెప్పుకుంటారు. ప్రపంచంలో పత్రికలన్నీ ఆ గౌను ఫోటో వేశాయి. కుట్టినావిడ పేరు మటుకు చాలా పత్రికలు వెయ్యలేదు.

ఇది చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లికల సంగతి మీలో గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ దొరసానులు వచ్చి నేర్పిన పని అది. మనవాళ్ళు కొక్కెం సూదితో అల్లుతారు. ఇంట్లో కూర్చుని అల్లిన ఆ లేసు ఓడలెక్కి విదేశాలకి పోయేది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఈ నరసాపురం ఆడవాళ్ళ మీద పెద్ద పుస్తకమే రాసి 1982లో అచ్చువేసింది. రోజుకి ఆరేడు గంటలు అల్లినా, వాళ్ళని పనిచేసేవాళ్ళనరు, "ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడవాళ్ళు, తీరుబాటుకి అల్లుకుంటారు" అంటారు, లాభం వ్యాపారులకీ పేరు ఊరికీ పోతాయి అని అందులో వివరంగా రాసింది. వినేవాళ్ళలో "ఏం పనిచేస్తారు?" అని అడిగితే "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అని చెప్పుకునేవాళ్ళం ఎంతమందిమి లేము?

మా నాయనమ్మ ఆ లేసే అల్లింది. ఏజెంటు దారం ఉండలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. పనంతా ముగిశాక అరుగుమీద కూర్చుని, కళ్ళు చిట్లించుకుని, తెల్లచీరలో తెల్లలేసు అల్లేది. ఆ డబ్బులతోనే మా నాన్నని స్కూలు ఫైనలు దాకా చదివించింది. ఆవిడ అల్లిన పువ్వులు ఏ దేశంలో ఏ బల్లమీద పరుచుకున్నారో మాకు తెలీదు. పెళ్ళిపందిట్లోకి రానివ్వని చేతులు అవి.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని ఇవన్నీ అక్కకి చెప్పాను. ఫ్రాన్సు రాణులూ, విక్టోరియా లేసూ, ఆన్ లో కథా అన్నీ. అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నేనే, "అక్కా, అంతెందుకు? నీ పెళ్ళిలో జీలకర్రా బెల్లం అయ్యాక ఏం కట్టుకున్నావు?" అన్నాను.

"మధుపర్కాలు" అంది.

"అవి ఏ రంగు?"

అక్క నవ్వేసింది. అవును మరి! తెల్లటి నూలుచీర, ఎర్రంచు, నాలుగు మూలలా పసుపు. వేల రూపాయల పట్టుచీర విప్పేసి, ఆ తెల్లబట్టలోనే మనం తాళి కట్టించుకున్నాం, తలంబ్రాలు పోసుకున్నాం. కళ్ళెదుట ఉన్నదాన్ని ఇన్నాళ్ళూ చూడలేదు. తెలుపు చెడ్డదైతే ఆ ఘడియలో అది మన ఒంటిమీదికి ఎల్లా వచ్చింది? చెడ్డది తెలుపు కాదు. దాన్ని కట్టబెట్టి ఒక మనిషిని పెరటిగదిలో కూర్చోబెట్టడమే చెడ్డది.

మర్నాడు అక్కే కొట్టుకి ఫోను చేయించి టైము తీసుకుంది. పిల్లని గద్దె ఎక్కించి, ఈసారి తనే లేచి వెళ్ళి, వెనక అంచు సర్ది, "ఇదే నచ్చిందా నీకు? నిజం చెప్పు" అని అడిగింది. ఆ ప్రశ్న నా పెళ్ళప్పుడు నన్నెవరూ అడగలేదు. నా పెళ్ళిచీర నేను పెళ్ళికి రెండురోజుల ముందు చూశాను. మంచి చీరే, మా అత్తలు ఏరినదే, ఏమీ వంక లేదు. అడిగితే నేనూ అదే ఏరుకునేదాన్నేమో. కాని అడగలేదు.

వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళికూతురి ఒంటిమీద ఒక పాతవస్తువు, ఒక కొత్తది, ఒక అరువు తెచ్చినది, ఒక నీలంరంగుది ఉండాలంటారు. పాతదేమిటని పిల్ల అడిగితే అక్క పెట్టె అడుగునించి ఒక చిన్న గుడ్డమూట తీసింది. నాయనమ్మ అల్లిన లేసు, మూరెడు ముక్క. కాస్త పసుపు తిరిగింది. నాకూ తెలీదు దాని దగ్గర అది ఉన్నట్టు. గౌను సరిచేసే కుట్టుపనావిడ దాన్ని ఎడంచేతి మణికట్టు దగ్గర, ఎక్కడా సూదిపోటు కనపడకుండా కుట్టి ఇచ్చింది. ఆవిడ పేరు అడిగి తెలుసుకుని, అక్క పెళ్ళికి పిలిచింది. ఆవిడ వచ్చి అక్షింతలు వేసింది కూడా.

మొదటిరోజు పిల్ల మధుపర్కాల్లో తలంబ్రాలు పోసింది. రెండోరోజు తెల్లగౌనులో చర్చికి నడిచింది. రెంటిలోనూ మా నాయనమ్మ లేసు మణికట్టున ఉంది. మొదటిరోజు దాన్ని రవికె చేతికి పిన్నుతో పెట్టాం లెండి.

అక్కయ్యలూ, ఈసారి ఎవరి పెళ్ళిబట్టలకైనా వెళ్ళినప్పుడు ధర అడగండి, జరీ చూడండి, అంచు తడమండి, అవన్నీ చెయ్యవలసినవే. దాంతోబాటు కట్టుకునే పిల్లని ఒక్కమాట అడగండి, నీకు నచ్చిందా అని. అది నేసినవాళ్ళెవరో, కుట్టినవాళ్ళెవరో తెలిస్తే వాళ్ళ పేరు కూడా అడగండి. ఇంట్లో ఎవరైనా పందిరికి దూరంగా, పెరటివైపు కూర్చుని ఉంటే చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి తీసుకురండి.